ఏజెంటు ఇప్పించిన రెండు సీట్లు

విమానం టిక్కెట్టుకి ఏజెంటుని పెట్టుకోవాలా, మనమే వెళ్ళి తెచ్చుకోవచ్చా అని ఈమధ్య చోడవరంలో కూడా నన్ను అడుగుతున్నారు. నేను పెట్టుకున్నది ఒక్కసారే. జరిగింది జరిగినట్టు రాస్తాను, మీరే తేల్చుకోండి.

మా అప్ప, అంటే పెద్దక్క, పైడితల్లికి గొంతులో పుండు లేచి మాట పూర్తిగా పోయింది. మద్రాసు ఆస్పత్రిలో మంగళవారం పొద్దున్నకి మంచం ఇస్తామని, ఆ పూట రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని ఉత్తరం వచ్చింది. రైలు కుదుపులకి మనిషి తట్టుకోదన్నాడు మా డాక్టరు. విమానం ఖర్చుకి బావ అప్పలస్వామి ఎద్దుల జత అమ్మేశాడు. అతను అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా వేసే మనిషి, ఊరు దాటి ఎరగడు. బడిపంతులుని, ఇంగ్లీషూ కాస్త అరవమూ వచ్చినవాణ్ణి కనక వెంట నేను బయల్దేరాను.

విశాఖపట్నంలో ఏజెంటు టిక్కెట్టు ధర మీద మనిషికి పది రూపాయలు తీసుకుని రెండు సీట్లు ఖాయం అన్నాడు. మనుషుల బరువు, సామాను బరువు ముందే రాసిమ్మన్నాడు. బావ అప్పనీ నన్నూ, సామానునీ బెల్లం కాటా మీదే తూచి చీటీ రాశాడు. ఆ చీటీ తీసుకెళ్ళి ఇచ్చింది నేనే.

ఆదివారం మధ్యాహ్నం రెండింటి బస్సుకి బయల్దేరి చీకటి పడేలోగా విశాఖపట్నం సత్రానికి చేరాం. అప్ప గంజి నాలుగు చెంచాలు మింగింది. సోమవారం ఉదయం ఏడింటికి టాక్సీలో విమానాశ్రయానికి వెళ్ళాం. మీలో ఎవరైనా వెళ్తే తెలుసుకోండి, అక్కడ మనిషిని కూడా తూస్తారు.

తూచిన గుమాస్తా మొహం చిట్లించాడు. "రాసిచ్చినదానికంటే ముప్ఫై పౌన్లు ఎక్కువండీ. విమానం నిండిపోయింది." నా ట్రంకు తీసేయించాను. ఇంకా పన్నెండు పౌన్లు ఎక్కువే ఉంది. "రెండో సీటు బరువు సరిపోతేనే అని ఏజెంటుకి చెప్పేం. మీరే వచ్చి అడిగుంటే నిన్ననే ఇక్కడ తూచి చెప్పేవాళ్ళం," అన్నాడు.

చీటీ ఇటివ్వమని చూశాను. అడుగున బావ దస్తూరీలో ‘తరుగు పోను’ అని ఉంది. బెల్లానికి తడి కింద, గోనె కింద తరుగు తీసి రాసే చెయ్యి, పెళ్ళానికీ బావమరిదికీ కూడా అలాగే తీసేసింది. పిల్లల కాపీ పుస్తకాల్లో చుక్క తప్పితే పట్టుకునే పంతులుని, ఆ రెండు మాటలు చదవలేదు.

తర్వాతి విమానం బుధవారం. మంచం మంగళవారం. ఉన్న ఒక్క సీట్లో అప్పని ఒక్కత్తినే పంపాలి. ఏజెంటు గుమ్మంలోనే నవ్వుతూ నిలబడి ఉన్నాడు. "మా మద్రాసు మనిషి వస్తాడండి. అమ్మగారిని పేరెట్టి పిలిసి, తిన్నగా ఆస్పత్రికి తీసుకెళ్తాడు. మీకేటీ బెంగొద్దు."

నమ్మాను. అప్ప చేతిలో ఆస్పత్రి ఉత్తరం పెట్టి చెప్పాను: "అప్పా, నీ పేరెట్టి పిలిసినోడితోనే యెల్లు. ఇంకెవరు రమ్మన్నా కదలకు." తల ఊపింది. మెట్లెక్కుతూ రెండుసార్లు వెనక్కి చూసింది.

ఆ సాయంత్రం వాల్తేరులో మద్రాసు మెయిలు ఎక్కాను. పక్కనున్న బట్టల వర్తకుడు విని, "గాల్లో యెల్లిందా! అదృష్టవంతురాలు," అన్నాడు. నేనూ అలాగే అనుకుని ఆ రాత్రి కాస్త నిద్రపోయాను. ఆ నిద్ర తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మంగళవారం మధ్యాహ్నం ఆస్పత్రిలో అప్ప లేదు. మంచం మీద ఇంకెవరో ఉన్నారు. లోకల్ రైల్లో మీనంబాకం విమానాశ్రయానికి పరిగెత్తాను. నాలుగింటికి కనిపించింది. వరండాలో గోడకి ఆనుకుని, ఒళ్ళో మూటతో, ఉత్తరం అలాగే పట్టుకుని కూచుంది. ఊడ్చే ఆవిడ తెలుగావిడే. "నిన్నటి నించీ ఇక్కడే అయ్యా. దొరలు టాక్సీ పిలిచినా ఎక్కలేదు. నేను తీసుకెళ్తా రా అక్కా అన్నా, తల అడ్డంగా ఊపింది," అని చెప్పింది.

పేరు పెట్టి పిలిచేవాడు రాలేదు. అప్ప నా మాట జవదాటలేదు.

ఆస్పత్రికి తీసుకెళ్తే, మంచం లేదని వాళ్ళ వరండాలో చాప వేయించారు. ఎండిన గొంతులో చుక్క నీరు దిగలేదు. గురువారం తెల్లవారుజామున పోయింది. అక్కడే దహనం చేశాను.

శనివారం రైలుకి తిరిగి వచ్చాను. ఏజెంటు తన మనిషిని పంపలేదు. బావ తరుగు తీశాడు. నేను చీటీ చదవలేదు, పైగా కదలొద్దన్నాను. తిలాపాపం తలా పిడికెడు. దారి పొడుగునా ఎవరి పిడికెడు పెద్దదో తూచుకుంటూనే ఉన్నాను, తేలలేదు.

అనకాపల్లి స్టేషన్లో బావ నిలబడి ఉన్నాడు. మద్రాసు నించి నేను కొట్టిన తంతి అందింది కాబట్టి ఏడవడం అయిపోయినట్టుంది. ఒక్కటే అడిగాడు.

"ఒరే, దాన్ని ఒక్కత్తినే ఎందుకు పంపేవురా? రెండు సీట్లన్నారు గదా?"

"ఏజెంటు మోసం చేసేడు బావా," అన్నాను.

"ఆడి సేతులిరిగిపోనూ," అని బావ అక్కడే ఫ్లాట్‌ఫారం మీద కూలబడి తిట్టడం మొదలెట్టాడు. నేనూ పక్కన కూచుని తిట్టాను.

బావ కిందటేడు పోయాడు. పోయేదాకా అదే నమ్మాడు, తన తరుగు సంగతి తెలియనే లేదు. ఇప్పుడు అతను లేడు కాబట్టే రాయగలుగుతున్నాను. ఏజెంటు వల్ల మాకు ఏ ఉపయోగమూ లేదంటే అబద్ధమే అవుతుంది.