తాలు కాయల కుప్ప

పెద్దమ్మ పోయిందని తమ్ముడు ఫోన్ చేసేటప్పటికి నేను ఒంగోలులో మా కాలేజీ స్టాఫ్ రూమ్‌లో ఉన్నాను. ఊళ్ళో మిరప కోతలు ఇంకా సగంలోనే ఉన్నాయి. కోతలైతేగానీ ఊరు కదలని మనిషి ఈసారి మధ్యలోనే వెళ్ళిపోయింది.

కోతకెళ్ళే ఆడవాళ్ళ ముఠాకు ఆమే మేస్త్రి. గొంతు పెద్దది. చర్చిలో పాట ఎత్తుకుంటే పాస్టరు గారు మైకు పక్కన పెట్టేసేవారు.

నేను ఇంటర్ రెండో ఏడు పరీక్షలు రాస్తుండగానే నాన్న ఆపై చదువు మనవల్ల కాదన్నాడు. ఫీజు ప్రభుత్వం కట్టినా హాస్టల్లో తిండికీ పుస్తకాలకీ ఎక్కణ్ణుంచి తేవాలని ఆయన బాధ. అందులో అబద్ధమేమీ లేదు.

మా ఊళ్ళో ఆఖరి కోత అయ్యాక, రంగు పోయి తెల్లబడిన తాలు కాయల్ని రైతులు కూలీలకే వదిలేస్తారు. తలా ఒక మూట కట్టుకుని ఇంట్లో కారానికి వాడుకుంటారు. ఆ ఏడు పెద్దమ్మ ఎవరినీ మూట కట్టనివ్వలేదు. అన్నీ ఒకే కుప్పగా పోయించి, గుంటూరు యార్డులో అమ్మించి, ఆ డబ్బుతో నన్ను డిగ్రీలో చేర్పిద్దామంది. కళ్ళంలో పెద్ద గొడవే అయింది. మరి ఇంట్లో కారం సంగతేంటని మా ఎదురింటామె గట్టిగానే అడిగింది.

"ఈ ఏడు చప్పగా తినండే. కారం వచ్చే ఏడైనా వేసుకోవచ్చు. పిల్ల చదువు ఆగిందంటే మళ్ళీ మొదలవదు," అంది పెద్దమ్మ.

నాన్న అక్కడే ఉన్నాడు. మళ్ళీ నన్ను మానెయ్యమనలేదు.

మరుసటి ఏడు సెలవులకొచ్చి, ఊరికే తింటున్నానన్న సిగ్గుతో నేనూ కోతకు వెళ్ళాను. పెద్దమ్మ నా చేతిలో బుట్ట లాక్కుంది.

"చెయ్యి మండితే పెన్నెవరు పట్టుకుంటారే? ఒక్కరోజు కోశావంటే రోజూ కొయ్యమంటారు. ఇంటికి పో."

అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆమె కాళ్ళు పట్టుకోవాలనిపిస్తుంది. నా తర్వాత ఏటా ఆ కుప్ప ఎవరో ఒక ఆడపిల్లను చదివించింది. పెద్దమ్మ ఎవరినీ మార్కులు అడగలేదు. కడుపునిండా తింటున్నారా, క్లాసులు మానడం లేదు కదా అని మాత్రం అడిగేది.

మొన్న ఆఖరి కోతకు సెలవు పెట్టి వెళ్ళాను. పెద్దమ్మ లేదు కదా, ఎవరి మూట వాళ్ళు కట్టుకుంటారేమోనని నా భయం. అడిగే ధైర్యం లేక గట్టు మీదే నిలబడ్డాను. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ తాలు కాయలు ఒకేచోట గుమ్మరించారు. ఈ ఏడు నర్సింగ్‌లో చేరబోయే పిల్ల తలగుడ్డ చుట్టుకుని సాయానికి వచ్చింది. అప్పట్లో కారం కోసం పోట్లాడిన ఎదురింటామే దాని మీద కేకలేసింది.

"నీకిక్కడేం పనే? చెయ్యి మండితే పెన్నెవరు పట్టుకుంటారు?"

ఆ పిల్ల నవ్వుతూ తలగుడ్డ విప్పుకుని ఇంటి దారి పట్టింది. ఎర్రటి మిరప రాశి పక్కన తెల్లటి కుప్ప ఇంకా పెరుగుతూనే ఉంది.