ఇనీషియల్ కొడితే పడిపోయిన సర్వర్

తట్టాంచావడిలో మోటారు రిపేరు షెడ్డు పైన ఒక్క గది నా ఆఫీసు. పుదుచ్చేరిలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల సంఘం వాళ్లు తమ పేర్ల పుస్తకాన్ని ఫోన్లో వెతుక్కునేలా చేసిపెట్టమన్నారు. యానాం నుంచి వచ్చాక నేను ఒంటిచేత్తో పట్టిన మొదటి పని అది. సరిగ్గా పనిచేయకపోతే మళ్లీ పుస్తకమే అచ్చేయించుకుంటామని పెద్దలు ముందే చెప్పేశారు.

చూపించాల్సిన రోజు పొద్దున మా ఇంటి ఓనరమ్మ, నేను అత్తా అని పిలిచే ఆవిడ, ఆఫీసుకు టిఫిన్ డబ్బా తెచ్చి, తన పేరు చూసుకుంటానని ఫోన్లో ఒక్క అక్షరం నొక్కింది. అంతే! మెమరీ పరిమితి దాటిందంటూ సర్వర్ చతికిలబడింది. పరిమితి పెంచాను. మళ్లీ పడింది. ఇంకా పెంచాను. ఈసారి కాస్త ఆలస్యంగా, మర్యాదగా పడింది. ఏడవాల్సింది పోయి నాకు నవ్వు తన్నుకొచ్చింది.

అత్త నొక్కింది ‘ఆర్’. మా వైపు ఇంటిపేరు పూర్తిగా కొడతారు కదా, ఇక్కడా అంతే అనుకుని కట్టాను. ఇక్కడ ఇనీషియల్ లేనిదే పేరు మొదలుకాదు. ఆ ఒక్క అక్షరానికి సగం సంఘం ఫొటోలతో, చిరునామాలతో సహా ఒకేసారి మెమరీలోకి ఎగబడింది.

"ఇనీషియల్ కొట్టకపోతే కుదరదా అత్తా?"

"అది లేకుంటే ఎవురని తెలిసేది? ఒకే పేరోళ్లు పదిమంది ఉండారు. ముందర పేరు చూడు, తరవాత ఇనీషియల్ చూడు. దానికేంది పాపా ఇంత అవస్త?"

ఎగిరి గంతేశాను. అత్త చెప్పిన వరసే రాశాను. ఒక్క అక్షరం కొడితే వెతకడం మొదలవ్వదు. పేరు దొరికాకే ఇనీషియల్‌తో జల్లెడ. ఫొటోలు అడిగితేనే. పెంచిన పరిమితిని పొగరుగా మళ్లీ తగ్గించాను కూడా. అత్త ‘ఆర్’ నొక్కింది. సర్వర్ కిక్కురుమనలేదు. నా గంతులకు కింద మెకానిక్కులు ఏమైందోనని పైకి పరిగెత్తుకొచ్చారు.

పదకొండింటికి సంఘం హాల్లో పెద్దలంతా ఫోన్లు తీశారు. ఒక్కరూ ఇంకొకరి కోసం వెతకలేదు, ఎవరి పేరు వాళ్లే! "నేనుండా!" "నేనూ ఉండా!" అని ఒకటే కేకలు. పుస్తకం మాట ఎవరూ ఎత్తలేదు. నా కాళ్లు నేల మీద లేవు.

ఇంతలో ప్రెసిడెంటుగారు తలెత్తారు.

"నీ పేరు కొడితే యాడా రాలేదే పాపా?"

"నేను ఈ ఊరిదాన్ని కాదు కదండీ."

"మా పేర్లన్నీ ఎక్కించినావు, ఇంకేంది కావాల? నీదీ ఎక్కించు."

అంతమంది ముందు నా పేరే రెండుసార్లు తప్పు కొట్టాను.