వదిన కూర్చునే సోఫా

మా అన్నయ్య సోఫాలు కుడతాడు. బజారులో అందరికీ సోఫాల మామయ్య. కుర్చీ కాళ్ళు విరిగినా అతను బిగించిన సీటు మాత్రం చెదరదు. నేను ఒక ఆడిటరు దగ్గర పని చేస్తాను. ఊళ్ళోవాళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులు నింపి పంపడమే నా ఉద్యోగం. అలాంటి నాకు, సొంత అన్నయ్య ఆరేళ్ళుగా రిటర్ను వేయలేదన్న సంగతి ఒక శుక్రవారం సాయంత్రం తెలిసింది.

కొట్టుకి రమ్మని ఫోను చేశాడు. వెళ్ళేసరికి షట్టరు సగం దించి, స్పాంజి ముక్కల మధ్య పీట మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో నోటీసు. సోమవారం లోగా అన్నేళ్ళ లెక్కలూ చూపించకపోతే పన్ను ఆఫీసు వాళ్ళే తోచిన అంకె వేసి కొట్టుకి తాళం పెడతారట.

"ఇన్నాళ్ళూ ఏం చేశావు? నేనేమన్నా చచ్చిపోయాననుకున్నావా?"

"మొదటి ఏడాది జ్వరంలో పడి మర్చిపోయానే. తర్వాతి ఏడాది ఇద్దామనుకున్నా. ఇది ఇస్తే పోయినేడాదిది ఏదీ అంటారని భయమేసింది. అలా అలా..." అని నీళ్ళు నమిలాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముక్కూమొహం తెలియనివాళ్ళకి పాత రిటర్నులు వేసిపెట్టి, "ఏం ఫర్వాలేదండీ" అని ధైర్యం చెప్పేదాన్ని. ఆ ధైర్యం ఈ మహానుభావుడికి అక్కర్లేకపోయింది.

"సరే, బిల్లులన్నీ తీయి."

"ఇంట్లో ఉన్నాయి."

"ఇంట్లో ఎక్కడ?"

"సోఫాలో."

పన్ను ఆఫీసు నుంచి వచ్చిన ప్రతి కవరునీ చింపకుండా, గుడ్డ కొన్న బిల్లులతో సహా, అప్పట్లో కొట్టులో ఉన్న పాత సోఫా అడుగున స్ప్రింగుల మధ్య కుక్కి కుట్టేసేవాడట. మూడేళ్ళ కిందట వదిన ఆ సోఫానే ముచ్చటపడి ఇంటికి తెప్పించుకుంది. వద్దనడానికి ఏ వంకా దొరకలేదు. ఆ తర్వాత కొత్త కవర్లు కూడా, ఆవిడ ఇంట్లో లేనప్పుడు, పక్కన చిన్న సందు చేసి అందులోకే తోశాడు.

"అయితే వదినతో చెప్పి విప్పు."

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. చాలాకాలం కిందట వదినకి చెప్పకుండా ఒక అప్పు చేశాడు. ఆ అప్పులవాళ్ళు వదిన ఒక్కతే ఉన్నప్పుడు గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా అరిచి వెళ్ళారు. ఆ రోజు వదిన ఒకటే మాటంది. "చేసినందుకు కాదు, దాచినందుకు. ఇంకోసారి దాచారని తెలిస్తే నేనీ ఇంట్లో ఉండను." మా వదిన ఉత్తినే మాట అనే మనిషి కాదు.

"కొట్టు పోతే ఇంకోచోట మేకులు కొట్టుకుని బతుకుతాను. తను పోతే నేనేం కావాలే?" అన్నాడు అన్నయ్య. నా కోపం సగం చల్లారింది. పైకి మాత్రం చూపించలేదు.

మర్నాడు వదిన కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ సందు మలుపు తిరగగానే అన్నయ్య సోఫా తిరగేశాడు. నేను కిటికీ దగ్గర కాపలా. వీధిలో ఏ చెప్పుల చప్పుడు విన్నా తొంగి చూస్తున్నాను. వెనకాల మేకులు ఊడుతున్న శబ్దం. ఉన్నట్టుండి అదీ ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఇది నా కుట్టు కాదు."

వెళ్ళి చూశాను. అడుగు గుడ్డ అంచున నల్లదారం కుట్టు. "నేను ముడి లోపలికి దాస్తాను. ఇది చూడు, ముడి పైనే ఉంది," అన్నాడు. ఆ దారం నాకూ తెలుసు. అన్నయ్య చొక్కాలకి వదిన గుండీలు కుట్టే దారం.

దారం కోశాడు. కవర్లన్నీ శుభ్రంగా చింపి ఉన్నాయి. ఏ ఏడాదివి ఆ ఏడాదికి పేర్చి, రిబ్బను ముక్కతో కట్టి ఉన్నాయి. బిల్లులు వేరే సంచిలో. అన్నయ్య అలాగే నేల మీద కూలబడ్డాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. "పాత ఏళ్ళవి ఇప్పుడిచ్చినా తీసుకుంటారా మీ ఆఫీసులో?" అని వదిన ఒకసారి మాటల మధ్య అడిగింది. ఎవరికి వదినా అంటే, పక్కింటావిడ అడగమందని చెప్పింది. పక్కింటికి అప్పటికే ఏడాదిగా తాళం వేసి ఉంది. నా బుర్రకి అది తట్టలేదు.

తలుపు చప్పుడైంది. కిటికీ దగ్గర ఎవరూ లేరుగా మరి. వదిన చెప్పులు విడిచి, బోర్లాపడ్డ సోఫానీ, దాని పక్కన కూలబడ్డ మొగుణ్ణీ చూసింది.

"చెప్పాలనే అనుకున్నానే," అన్నాడు అన్నయ్య.

"తెచ్చిన రోజే, కూర్చుంటే కాగితాల చప్పుడయింది. విప్పి చూశాను. మీరు తోసినవన్నీ తీసి సర్దుతూనే ఉన్నాను. ఆ తర్వాత మోకాళ్ళు పట్టేస్తే ఎత్తు కుర్చీలోనే కూర్చోమన్నాడు డాక్టరు. ఇందులోంచి లేవాలంటే నాకు ప్రాణం పోతుంది. అయినా రోజూ మీ ఎదురుగా ఇందులోనే కూర్చున్నాను. ఈ పూట చెప్తారేమో, ఈ పూట చెప్తారేమో అని."

అంతే అంది. లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు తెరిచిన చప్పుడు. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. బట్టలు సర్దుకుంటోందని ఇద్దరికీ అర్థమైపోయింది.

వదిన బ్యాంకు పుస్తకాలతో బయటికొచ్చింది. వాటిని నా ఒళ్ళో పడేసి, వంటింట్లోంచి ఎత్తు కుర్చీ ఈడ్చుకొచ్చి కూర్చుంది. "ముందు ఈ పని కానివ్వు. నా సంగతి తర్వాత."

ఆదివారం సాయంత్రానికి ఆరేళ్ళవీ పూర్తయ్యాయి. సోమవారం తీసుకెళ్ళి ఇచ్చాం. జరిమానా పడింది, వాయిదాల్లో కట్టమన్నారు. కొట్టు మిగిలింది.

ఆ సాయంత్రం అన్నయ్య సూదీ దారం తీసి సోఫా దగ్గర కూర్చున్నాడు.

"కుట్టకండి," అంది వదిన.

"స్ప్రింగులు కిందికి దిగిపోతాయే."

"దిగనివ్వండి. ఇక నుంచి అందులో కూర్చునేది మీరు."

ఇప్పటికీ సాయంత్రాలు అన్నయ్య ఆ గుంటలోనే కూర్చుంటాడు. ఎవరూ అడక్కుండానే కొట్టులో జరిగిందంతా వదినకి చెప్తాడు, మేకుల డబ్బా ఒలికిన సంగతితో సహా. వదిన ఎత్తు కుర్చీలో కూర్చుని వింటుంది. వెళ్ళిపోతానన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.