జపాన్ వాడి రెండు తూటాలు

మొన్న మా బావ పెళ్ళికి వెళ్ళినవాళ్ళెవరైనా మీకు ఎదురుపడితే, దయచేసి జీపు మాట ఎత్తకండి. ఎత్తేరా, వాళ్ళు ముందు కడుపు పట్టుకుని నవ్వి, తర్వాత లేనిపోనివి కలిపి మరీ చెబుతారు. అంతకన్నా నేనే చెప్పేయడం నయం కదండీ!

అల్లవరంలో మా మావయ్యది కొబ్బరికాయల వ్యాపారం. యుద్ధం అయిపోయేక మిలటరీవాళ్ళు పాత బళ్ళు వేలం వేస్తుంటే, సరదాపడి ఓ జీపు కొన్నారు. కొన్నాళ్ళు తిప్పి, కాయలు దింపే పాకలో పడేసేరు. సముద్రపు గాలి ఊరుకుంటుందా? ఇంజను బాగానే ఉంది గానీ ఒళ్ళంతా తుప్పు. పైనుంచి కాయలు పడి సొట్టలు.

"పాత ఇనుము కింద కాటాకి వేసేస్తానురా సత్యం," అన్నారు మావయ్య.

"వద్దు మావయ్యా! నేను బాగుచేస్తాను."

"నీకేం తెలుసురా ఇనుప పని?"

ఏమీ తెలీదు! కానీ ఇంటర్మీడియెట్లో లెక్కల్లో ఫస్టు నేను. సొట్ట లోతు కొలిస్తే ఎంత కొట్టాలో తెలీదూ?

మావయ్య నవ్వేరు. "సరే. శ్రావణంలో మీ బావ పెళ్ళి. నేనైతే కాలవ మీద పడవ మాట్లాడుదామనుకున్నాను. నువ్వు పెళ్ళికొడుకుని పట్టుపంచె తడవకుండా, మట్టంటకుండా ఈ జీపులో అంబాజీపేట చేర్చేవా, జీపు నీదే. లేదూ, మర్నాడే కాటా!"

ఇంకేం, దిగిపోయేను. ముందు మడ్గార్డు. సొట్ట మధ్యలో సుత్తితో ఒక్కటిచ్చేను. అది పోయి పక్కన ఇంకోటి లేచింది! దాన్ని కొడితే మూడోది! ఇదేమిటా అని వేలితో తడిమి చూశాను. కొట్టినకొద్దీ రేకు సాగుతోందండీ! సాగిన రేకు ఎక్కడికి పోతుంది పాపం? అప్పుడు ఇసుక సంచీ మీద పెట్టి, కొయ్యసుత్తితో అంచు నుంచి మధ్యకి చిన్నచిన్నగా తట్టుకుంటూ వచ్చేను. నూనెలో పూరీలా పొంగి పైకొచ్చింది! ఆ రోజు అన్నం తినడం కూడా మర్చిపోయేను.

తర్వాత అడుగు రేకు. గరుకు కాగితంతో రుద్దుతుంటే ఒక్కో చిల్లే బయటపడింది. తుప్పు తిన్న చిల్లు ఎలా ఉంటుంది? చెదలు తిన్న కాగితంలా అంచులు పీలికలై ఉంటుంది. కానీ రెండు చిల్లులు మాత్రం గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. డ్రైవరు కాళ్ళ దగ్గరొకటి, పక్కవాడి కాళ్ళ దగ్గరొకటి. కొలిచేను. రెండూ ఒకే కొలత! తుప్పు ఇంత లెక్కగా తింటుందా? నాకు నిద్ర పట్టదే!

ఆఖరికి తట్టింది. తూటాలు! బర్మాలో జపాన్ వాళ్ళతో యుద్ధం చేసొచ్చిన బండాయె! మరి కింది నుంచి ఎలా తగిలేయి? కాగితం మీద కొండ గీసేను, ఎక్కుతున్న జీపు గీసేను, గోతిలో పడుకున్న జపాన్ సిపాయిని గీసేను. కోణం లెక్కకట్టేను. ముప్ఫయి రెండు డిగ్రీలు, సరిగ్గా సరిపోయింది!

ఊరంతా వచ్చి చూసేరు. "ఆయ్, ఏం గురండీ బాబూ!" అని ముక్కున వేలేసుకున్నారు. కొంతమంది వేళ్ళు కూడా దూర్చి చూసేరు.

చూపించడం అయ్యేక పూడ్చాలి కదా. పెద్ద చిల్లులకి కిరసనాయిలు డబ్బా రేకు కోసి రివెట్లు కొట్టేను. మిగతావాటి కోసం ఓడలరేవులో పడవలు కట్టే పోలయ్య మేస్త్రిని పిలిచేను. పడవ పలకల సందుల్లో కూరినట్టే, తూటా చిల్లులతో సహా అన్నిట్లోనూ నార కూరి, కాచిన గుగ్గిలం పోసేడు.

"ఇంక ఒక్క చుక్క కిందనుంచి రాదండి," అన్నాడు.

మాట తప్పలేదండీ అతను. ఒక్క చుక్క రాలేదు.

పెళ్ళినాడు నేను డ్రైవరు, పక్కన పంచె మోకాళ్ళపైకి ఎగ్గట్టుకుని బావ, వెనక మావయ్య గొడుగు పట్టుకుని. పై గుడ్డ కట్టలేదు. నా మడ్గార్డులతోపాటు నన్నూ జనం చూడొద్దూ? అమలాపురం దాటేమో లేదో, కుండపోత! గొడుగు బావ నెత్తికే సరిపోయింది.

"సత్యం, నా కాళ్ళు చల్లగా ఉన్నాయిరా," అన్నాడు బావ.

కిందకి చూశాను. నా చెప్పు తేలుతోంది!

"మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, అయిదంగుళాల లోతు," అన్నాను అప్రయత్నంగా. "అయిదు ఘనపుటడుగులు. ముప్ఫయ్యొక్క గ్యాలన్లు బావా! ఇద్దరు మనుషుల బరువు. అందుకే బండి లాగడంలేదు!"

"లెక్క తర్వాత చెప్దువుగాని, ముందు తోడరా!" అని అరిచేరు మావయ్య. "పడవ వద్దన్నావు! పడవైతే నీళ్ళు బయటుంటాయిరా!"

బావ పీట మీద కూర్చున్నట్టు సీటు మీద బాసింపట్టు వేసుకుని, పంచె ఒళ్ళోకి లాక్కున్నాడు. అలాగే చేరేం. పెళ్ళికూతురి నాన్నగారు కాళ్ళకి నీళ్ళిద్దామని చెంబుతో ఎదురొచ్చి, జీపులోకి తొంగిచూసి ఆగిపోయేరు.

"ఆయ్, తమరే తెచ్చుకున్నారాండీ!"

చచ్చినంత పనయింది నాకు. ఆయన చేతిలో చెంబే అందుకుని తోడుతూ చూస్తున్నాను. ఎంత తోడినా మిగిలిన నీళ్ళు రెండు మూలలకే చేరుతున్నాయి. ఆ రెండు మూలలకే ఎందుకు? ఎందుకంటే అడుగు రేకు అక్కడే పల్లం. అక్కడేం ఉన్నాయి? నా తూటా చిల్లులు!

స్క్రూడ్రైవరుతో నార పెళ్ళగించేను. బుడుంగుమని రెండు ధారలు కట్టి, క్షణంలో జీపు ఖాళీ!

మావయ్య ఆ ధారల వంక చూసేరు, బావ పొడి పంచె వంక చూసేరు, తర్వాత నా వంక.

"ఆ జపాన్ వాడెవడో మహా మంచివాడురా," అన్నారు. "నీళ్ళెక్కడ నిలుస్తాయో చూసి మరీ కాల్చేడు!"

పంచె తడవలేదు, మట్టంటలేదు. మావయ్య కూడా మాట తప్పలేదు. జీపు నాదైంది. తూటా చిల్లులు చూడ్డానికి జనం ఇప్పటికీ వస్తున్నారండీ. కాకపోతే, ఒక్కొక్కళ్ళూ చెంబుడు నీళ్ళు పట్టుకుని వస్తున్నారు.