మాట తప్పిన మైకు

'అనుమానం' అన్న మాటను విరిస్తే 'అను', 'మానం' అని రెండు ముక్కలవుతుంది. అంటే, అనడం మానం అని. ఆ ఏడు మా బావా నేనూ చేసింది అదే.

టెలిఫోను తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ ముదిగుబ్బ దాకా వచ్చిన కొత్తలు. నేను ముదిగుబ్బలో, మా మేనమామ కొడుకు గోరంట్లలో. ఇద్దరం మీసాలొచ్చి ఉద్యోగాలు చేసుకుంటున్న వాళ్లమే అయినా, ఆదివారం మధ్యాహ్నాలు కంప్యూటర్లో తుపాకులు పట్టి హిందూపురం జట్టుతో యుద్ధం చేసేవాళ్లం. నాకు గురి లేదు. అందుకని ఆటలో నన్నొక మిద్దె ఎక్కించారు. శత్రువు ఏ వాకిట్లోంచి వస్తున్నాడో పైనుంచి చూసి మైకులో చెప్పడం నా పని, పోయి కాల్చడం బావ పని. నాకు కుడి ఎడమలు కూడా తికమకే కాబట్టి, మిద్దె కింది వాకిలి 'ఈడ', అవతలి వాకిలి 'ఆడ' అని ఒప్పందం.

నెల రోజులుగా బావ ప్రతిసారీ తప్పుడు వాకిలికి పోయి చచ్చిపోతున్నాడు.

"ఈడ ఉండాడంటివి గదప్పా! వాడు ఆడ్నుంచి కాల్చినాడు!"

"నేను ఆడ అనే చెప్పినా బావా."

"నా చెవులేమన్నా చెనిక్కాయ పొట్టు పెట్టి మూసినారా?"

వాయిస్ చాట్ అంటే వారం వారం బావ నన్ను వాయించడమే అయింది. హెడ్‌సెట్ గులాబీ రంగు పిన్నూ ఆకుపచ్చ పిన్నూ పీకి మళ్లీ పెట్టాను. సౌండ్ డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. కొత్త హెడ్‌సెట్ కొన్నాను. బావ మాత్రం చస్తూనే ఉన్నాడు.

ఇక అనుమానాలు మొదలయ్యాయి. హిందూపురం జట్టులో నాతో కాలేజీలో చదివినవాడు ఒకడున్నాడు. వాడి కోసం నేను కావాలనే తప్పు చెబుతున్నానని బావ అనుమానం. బావకు అంతా శుభ్రంగా వినపడుతోందని, తన చేతకానితనాన్ని నా నోటికి అంటగడుతున్నాడని నా అనుమానం. చివరికి ఒక శుక్రవారం ఫోన్ చేసి తేల్చేశాడు.

"ఆదివారం లోపల నీ మైకు సంగతి చూసుకో. ల్యాకుంటే నీ తావులో ఇంగొకన్ని పెట్టుకుంటా."

నాకు జట్టులో ఉన్నది ఆ మిద్దె ఒక్కటే. అదీ పోతే ఆదివారాల్లో బావతో మాట్లాడే వంకే ఉండదు.

శనివారం చెప్పాపెట్టకుండా కదిరి మీదుగా గోరంట్ల బస్సెక్కాను. దొంగను ఇంట్లోనే పట్టుకోవాలని. ఇంటి దగ్గర మైకు ముందు మా నాయనను కూర్చోబెట్టి, కాగితం మీద ఆడ, ఈడ, యాడ అని రాసిచ్చాను. ఫోన్ చేసినప్పుడు ఒక్కొక్కటీ ఆగి ఆగి చదవమన్నాను.

నన్ను చూసి బావ గుమ్మంలోనే నిలబడిపోయాడు. విషయం చెప్పి, ఆయన హెడ్‌సెట్ నా చెవులకు పెట్టుకుని నాయనకు ఫోన్ కొట్టి, మైకులో చదవమని చెప్పి పెట్టేశాను.

"డ," అన్నాడు నాయన. కాసేపు ఆగి, "డ." మళ్లీ ఆగి, "డ."

ఎవరో దూరంగా చెక్కను సుత్తితో కొడుతున్నట్టు ఉంది. బావ చెవికి కూడా పెట్టాను. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. జవాబు రాకపోయేసరికి నాయనకు కోపం వచ్చింది.

"మప్పా, ఆడ కూచోని ఇంటాండావా ల్యాదా?"

'ఏమప్పా'లో 'ఏ' ఒక్కటే పోయింది. తర్వాతి 'ఆడ' గంట కొట్టినట్టు వినపడింది.

నేరం నాదే. మా ఇంటి పక్కన వేరుశనగ కాయలు ఒలిచే మిషను ఉంది. దాని మోత వస్తోందని బావే నెల కిందట తిడితే, చిన్న చప్పుళ్లు దాటి పోకుండా ప్రోగ్రాములో గీత పైకి జరిపాను. గొంతు ఆ గీత దాటాకే మైకు తెరుచుకుంటుంది. తెరుచుకునేలోపు మాట తల పోతుంది. తల పోతే ఆడకూ ఈడకూ మిగిలేది 'డ' ఒక్కటే. ఆట హడావిడిలో బావ దానికి తనకు తోచిన తల తగిలించుకున్నాడు. ఇన్నాళ్లూ మాట తప్పింది నేను కాదు, మైకు.

గీత దించితే మిషను మోత. అందుకని ఇకనుంచి ముందు "ఏమప్పా" అని, తర్వాత వాకిలి చెప్పాలని అనుకున్నాం. మైకు తింటే దాని తల తింటుంది.

బావ కాఫీ ఇస్తూ అడిగాడు. "నిజం చెప్పు. నువ్వొచ్చింది మైకును చూసేకా, నన్ను పట్టుకునేకా?"

"నిన్నే బావా."

ఆయన నేల చూశాడు. "నేనూ ఒగటి చేసినాలే. పోయిన రెండు వారాలూ నువ్వు ఏది చెప్పినట్టు ఇనపడితే దానికి ఎదురు పోయినా."

అంటే మైకు బాగున్నా బావ చచ్చేవాడే.

ఆదివారం ఆట మొదలైంది. మిద్దె మీద నేనే. అవతలి వాకిట్లో ఎవడో కదిలాడు.

"ఏమప్పా, ఆడ ఉండాడు!"

బావ ఒక్క క్షణం ఆగలేదు, దూసుకుపోయాడు. అక్కడున్నది మా జట్టువాడే. హిందూపురంవాడు ఈడ నుంచి వచ్చి బావను వెనకనుంచి కాల్చేశాడు.

నా తావు పోయిందనుకున్నాను.

"ఇనపడిందా బావా?" అన్నాను.

"బాగా ఇనపడిందప్పా. సచ్చినా నీ మాట ఇనే సచ్చినా." నవ్వు దాచుకోలేకపోయాడు. "కండ్లు తుడుచుకోని సరింగా చూడు. ఇప్పుడు చెప్పు, యాడ?"