మామ ఆట మారిన అమావాస్య

ఎమ్మిగనూరులో మా అత్తవారింట అమావాస్యనాడు మగ్గం ఆడదు. నేతపని చేసే ఇళ్లలో అంతే. మిగతా ఇళ్లలో ఆ రోజు నిద్రలు, ఊరి కబుర్లు. మా ఇంట్లో పేకాట. ఆడేది ఎవరనుకున్నారు? నేనూ, మా మామా. కోడలు మామకెదురుగా కూర్చుని ముక్కలు పంచడమేమిటని పక్కింటామె బుగ్గలు నొక్కుకునేది. నొక్కుకోనీ! ఆయన మా అమ్మకు సొంత అన్న, చిన్నప్పుడు నన్ను భుజాన మోసిన మనిషి. పెళ్లయినంత మాత్రాన తలుపు చాటున నక్కాలా? అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. మా ఆయన ఆదోనిలో పత్తి మిల్లులో పని, పొద్దున పోతే చీకటిపడ్డాకే రావడం.

ఓడినవాళ్లు మర్నాటి నేతకు రాట్నం మీద నూలు కండెలు చుట్టిపెట్టాలి. అదే పందెం. నాకు రాట్నం ముందు కూర్చోవడమంటే ఒళ్లుమంట, అందుకే ఓడటానికి ఒప్పుకునేదాన్ని కాదు.

మామ ఆట కొన్నాళ్లకే నాకు పట్టుబడింది. పదమూడు ముక్కలూ చేతికి రాగానే పరిచి చూసుకుంటాడు. జోకర్ లేదా, మొదటి ముక్క ఎత్తకముందే ఆట వదిలేస్తాడు. వదల్లేదంటే చేతిలో బలమున్నట్టే. అది కనిపెట్టాక నాకు పండగే. నా చేతిలో అంతా చెత్తే ఉన్నా గొప్పగా మొహం పెట్టి కూర్చునేదాన్ని, ఆయన వదిలేసేవాడు. ఆయన నిలబడ్డాడా, నేను మారు మాట్లాడకుండా ముక్కలు కింద పెట్టేసేదాన్ని.

"నా ముక్కలు నీకి అద్దంలో యాడన్నా కనపడతాండాయేమే?" అని వెనక్కి తిరిగి గోడ చూసుకునేవాడు పాపం.

ఆ ఏడు ఇంట్లో ఒకటే గొడవ. మామ నేసిన చీరల్లో పోగులు తప్పుతున్నాయి. మా ఆయన చీర విప్పి వెలుతురుకు పట్టి చూసి, "ఇంగ చాలు నాయనా, మగ్గం దిగు. నేను తెచ్చేది మనకి చాలదా?" అనేవాడు.

"నూలు మంచిది కాదురా" అనేవాడు మామ. ఒకరోజు మాత్రం మగ్గం గుంతలోంచి తలెత్తి అన్నాడు. "ఈ గుంతలోంచి నన్ను లేపితే యాడ కూసోవాలప్పా నేను? అరుగు మీద ఈగలు తోలుకుంటానా?"

నూలుదే తప్పని నేనూ నమ్మాను.

తర్వాతి అమావాస్యకు ఆట మారిపోయింది. మామ వదలడమే మానేశాడు. ఎలాంటి ముక్కలు వచ్చినా నిలబడుతున్నాడు. "ఓహో, నా ఎత్తు తెలిసిపోయినట్టుంది" అనుకుని నేనూ మార్చాను. ఉత్త చేతితో బెదిరించడం ఆపి, మంచి ముక్కలు పడేదాకా కాచుకున్నాను. ఇంకోటి కూడా పట్టాను. నేను వేసిన ముక్కను ఆయన ఒక్కసారీ తీసుకోవడం లేదు. ఎప్పుడూ మూసిన కట్టలోంచే ఎత్తుతున్నాడు. ఇంకేం, ఏ ముక్క పడితే అది ధైర్యంగా వేశాను. వరసగా గెలిచాను. నా నవ్వు వీధిలోకి వినపడి ఉంటుంది.

ఒక ఆట అయ్యాక ఆయన ముక్కలు కలపబోతూ చూశాను. ఇస్పేటు ఆరు, ఏడు, తొమ్మిది. ఎనిమిదిని నేనే కదా వేసింది! ఆయన మోకాలి ముందే పడి ఉంది. ఆ తొమ్మిది పక్కన కళావరు ముక్కను కూడా ఇస్పేటనుకుని జతచేసి పెట్టుకున్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. తప్పు నూలుది కాదు, పోగు కనపడటం లేదు మా మామకు. జోకర్ వచ్చిందో లేదో కనపడకే ఆట వదలడం లేదు.

ఆ మాట అంటే మగ్గం పోతుంది. అనకపోతే చూపు పోతుంది. ముక్కలు పంచి, నా వంతు రాగానే గట్టిగా, "డైమను పది" అని చెప్పి వేశాను.

"అరుస్తావేమే?"

"ఆదోనిలో మా పుట్టింట ఇట్లే ఆడతారు మామా. పేరు చెప్పి వేయాల."

ఆయన చెయ్యి ముందుకొచ్చింది, చాపంతా తడిమి ఆ పదిని తీసుకుంది. ఆ ఆట ఆయన గెలిచాడు. పంచిన తర్వాతి ముక్కలు మాత్రం ఎత్తలేదు.

"మీ నాయనతో ఆదోనిలో ఎన్నిసార్లు ఆడినానో నీకి తెలీదు. ఆడ ఆ పద్ధతి లేదు లేమ్మా" అన్నాడు. "నాకి కానరాదని మా వానికి సెప్తావా?"

"నువ్వే సెప్పాల. కంట్లో పొరకు ఆపరేషన్ చేస్తాండారు మామా, ఆదోనిలో."

"ఇప్పుడు మసగ్గానన్నా కనపడతాంది. కత్తి పెట్టినాక అదీ పోతే?"

"నాకూ భయంగానే ఉంది" అన్నాను. కళ్లనీళ్లు ఆగలేదు. ఆయన చాప మీది తన ముక్కలు తడిమి ఎత్తుకున్నాడు.

"రేపు బస్సుకు పోదాం. రాత్రికి వానితో నేనే సెప్తా" అన్నాడు చివరికి. "అయితే ఒగటి. నేను కానలేనని జాలిపడి ఓడినావంటే మాత్రం బస్సెక్కను. ఆడు."

ఆడాను. నాలుగు ముక్కలు ఎత్తేసరికి నా ఆట పూర్తయిపోయింది. ముక్కు తుడుచుకుని "షో" అన్నాను.

"యాడ, చూపించు" అన్నాడు మామ. ఆయన వేలు పట్టుకుని ఒక్కో ముక్క మీదా పెట్టి, పేరు చెబుతూ పదమూడూ చూపించాను.