రిమార్క్స్ గడిలో నేను రాసిన వాక్యం

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది. సౌదీలో ధహ్రాన్‌కి దగ్గర్లో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో నేను సీనియర్ కెమిస్ట్‌ని. విమానాల్లో దిగే కూరగాయల్లో, పళ్లలో పురుగుమందు ఎంత మిగిలిందో కొలవడం మా పని. మిగిలినదాన్ని రెసిడ్యూ అంటాం. పరిమితి దాటితే సరుకు దేశంలోకి రాదు. ఆ సరుకు పండించినవాళ్లు ఏమవుతారన్నది మా రిపోర్టులో ఉండదు. పదహారేళ్లుగా నేనూ పెద్దగా ఆలోచించలేదు.

ఒక సోమవారం ఉదయం, సరుకు తెప్పించుకునే సౌదీ వ్యాపారి తన వెంట ఒకావిడను తీసుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, ముదురాకుపచ్చ అబాయా, చంకలో ఫైలు. పేరు కెండి. కెన్యా పార్లమెంటు సభ్యురాలట. వాణిజ్య బృందంతో రియాద్ వచ్చి, మిగతావాళ్లు విందుకు వెళ్తుంటే ఈవిడ మా ల్యాబ్ వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడ నియోజకవర్గంలోని చిన్న రైతుల సంఘం పంపిన ఫ్రెంచ్ బీన్స్ మా దగ్గర రెండుసార్లు ఫెయిలయ్యాయి. మూడోసారి కూడా ఫెయిలైతే ఇక కొననని వ్యాపారి తెగేసి చెప్పాడు.

నాకు లోపల విసుగు. సరుకు ఫెయిలైన వాళ్లంతా మెషిన్ మీదే పడతారు. గంటసేపు పాఠం చెప్పాలి కాబోలు అనుకున్నాను.

"మీ మెషిన్ తప్పని అనడానికి రాలేదండీ," అంది ఆవిడ, నా మొహం చూస్తూనే. మా రిపోర్టు తీసి అడుగున వేలు పెట్టింది. "ఈ వాక్యం రాసింది మీరేనా?"

రిమార్క్స్ గడిలో ఉంది: రైతులు మందు అతిగా వాడినట్టు అనుమానం, శిక్షణ అవసరం. కింద నా సంతకం.

"నేనే," అన్నాను.

"ఈ మందుల గురించీ, మా నది గురించీ ఏడాదిగా సభలో అడుగుతున్నాను. పోయినవారం మంత్రిగారు లేచి మీ వాక్యం చదివారు. మీ రైతులకు డబ్బా మీద రాసింది చదవడం కూడా రాదని సౌదీ ల్యాబే చెబుతోందన్నారు. సభంతా నవ్వింది. బుధవారం నాకు మళ్లీ మాట్లాడే అవకాశం ఉంది. దీనికి ఆధారం చూపించండి. నిజమైతే మా వాళ్ల తప్పు అదే సభలో ఒప్పుకుంటాను."

ఆధారం ఏముంది నా మొహం! అది మా టెంప్లేట్‌లో ఎప్పటినుంచో ఉన్న వాక్యం. గడి ఖాళీగా ఉంటే బాగుండదని ఫెయిలైన ప్రతి రిపోర్టులోనూ అతికించేస్తాం. ఆవిడ మాటలు వింటుంటే మా ఊరు గుర్తొచ్చింది. మా నాన్న గుంటూరు దగ్గర మిరప వేసేవాడు. పంట మాడిన ప్రతిసారీ మందుల షాపాయన "నువ్వే ఎక్కువ కొట్టుంటావు" అనేవాడు. నాన్న తలొంచుకుని ఇంటికొచ్చేవాడు. ఆ షాపాయన్ని తిట్టుకుంటూ పెరిగిన నేను, ఏసీ గదిలో కూర్చుని అదే మాట రాసి సంతకం పెట్టాను. సిగ్గేసింది.

"రేపటిదాకా టైమివ్వండి," అన్నాను. ఏం చేయాలో మాత్రం తెలీదు. ఎందుకంటే ఒక సరుకులోంచి పన్నెండు పెట్టెలు తీస్తే, అన్నిట్లోంచీ కాసిని కాయలు కలిపి రుబ్బి ఒకే శాంపిల్ చేస్తాం. దాన్ని కాంపోజిట్ అంటాం. పన్నెండు మంది రైతుల కాయలూ కలిపి నూరిన పచ్చడి అది. ఎవరి కాయలో మందుందో ఇక దేవుడికే తెలియాలి.

శాంపిల్స్ తీసుకునే శ్రీనివాస్‌ది నిజామాబాద్. పెట్టె పెట్టెకీ విడిగా ఒక సంచి దాస్తూ ఫ్రీజరంతా నింపేస్తున్నాడని అంతకుముందే అతన్ని బాగా కేకలేశాను. ఆ రోజు నా అవస్థ చూసి దగ్గరికొచ్చాడు.

"మేడమ్, మీరు తిడ్తరని చెప్పలే. మొన్న ఫెయిలైన బీన్స్‌వి పన్నెండు సంచులు నేను పారెయ్యలే. పెట్టె మీద రైతు నంబరు ఉంటది గదా, అది గూడ రాసి పెట్టిన."

"ఎందుకు రాశావయ్యా, రూల్లో లేదుగా?"

"ఎవరో ఒగరు పండిచ్చిన్రు గదా మేడమ్. అన్ని కలిపేస్తె ఎవరిదో ఎట్ల తెలుస్తది?"

వెంటనే వ్యాపారిని అడిగాను. ఆయన ఒప్పుకున్నాడు, పన్నెండూ విడివిడిగా మెషిన్‌కి ఎక్కించాం. మర్నాడు మధ్యాహ్నానికి ఫలితాలొచ్చాయి. ఆరు సంచుల్లో ఏమీ లేదు. ఆరింటిలో ఒకే తెగులు మందు, అది కూడా గులాబీ తోటల్లో వాడేది.

కెండి గారు ఆ నంబర్లు చదువుతూ ఒక్కొక్కరి పేరూ చెప్పింది. ఎవరికి ఎంతమంది పిల్లలో కూడా చెప్పింది. తర్వాత కాగితం వెనక నది గీసింది. మందులేని ఆరుగురూ మెరక మీదివాళ్లు, వాననీటి గుంటలోంచి తోడుకుంటారు. మిగతా ఆరుగురివీ నది ఒడ్డు పొలాలు, నది నీళ్లే పెడతారు. పైన ఒక పెద్ద గులాబీ కంపెనీ గ్రీన్‌హౌస్‌లున్నాయి. వాటికి దగ్గరున్న రైతు సంచిలో మందు ఎక్కువ, దిగువకు పోయేకొద్దీ తక్కువ.

"ఆ మందు పెద్ద డ్రమ్ముల్లో వస్తుంది. మా వాళ్లు కొనడం కాదు, కళ్లతో కూడా చూసుండరు," అంది. కళ్లు తుడుచుకుంది.

నది నీళ్లు నేను పరీక్షించలేదు కాబట్టి తప్పు కంపెనీదని రాయలేను. ఆ మాటే చెబితే, "వద్దు, మీకు తెలిసిందే రాయండి," అంది.

రిపోర్టు సవరిస్తే ఎందుకు సవరించామో రాయాలన్నది నియమం. మా మేనేజరు ఈజిప్టు ఆయన. "టైపింగ్ తప్పు అని రాసెయ్. ఆడిట్ ముంచుకొస్తోంది. నీ ఇఖామా రెన్యువల్ కూడా ఈ నెల్లోనే, మర్చిపోకు," అన్నాడు. భయపెట్టాలని కాదు, నిజంగానే నా మంచికే చెప్పాడు. ఇఖామా లేకపోతే ఈ దేశంలో ఒక్కరోజు ఉండలేం. భయం వేసింది. కానీ టైపింగ్ తప్పంటే ఆ మంత్రి మళ్లీ నవ్విస్తాడు. పన్నెండు ఫలితాలూ వరసగా పెట్టి, కింద ఇలా రాశాను: రైతుల గురించిన మునుపటి వ్యాఖ్యను ఏ ఆధారమూ లేకుండా చేర్చాను. ఆయన రెండుసార్లు చదివాడు, నిట్టూర్చాడు, "ఖలాస్, ఇక కానివ్వు" అని సంతకం చేశాడు. ఆ కాగితంతో కెండి గారు ఆ రాత్రే విమానమెక్కింది. తర్వాత నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. ఇఖామా కూడా వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం క్యాంటీన్లో శ్రీనివాస్, నేను ఫోన్లో కెన్యా సభ చూశాం. ఆవిడ లేచి నేను కొత్తగా రాసిన వాక్యం చదివింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. తర్వాత ఆ ఒడ్డు పొలాల ఆరుగురు రైతుల పేర్లు ఒక్కొక్కటే చదివి, "వీళ్లు తప్పు చేయలేదని ఈ సభ రికార్డులో ఉండాలి. ఇక నది నీళ్లు పరీక్షించండి," అంది. శ్రీనివాస్ ప్లేటు పక్కన పెట్టి, ఆ పేర్లు అయిపోయేదాకా ముద్ద ముట్టలేదు.

సభ ఒక కమిటీని వేసింది. మూడోసారి వచ్చిన బీన్స్ పాసయ్యాయి, కానీ అవి మెరక మీది ఆరుగురివే. ఒడ్డువాళ్లు కమిటీ నివేదిక కోసం ఇంకా ఎదురుచూస్తున్నారు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు.

ఆ వాక్యాన్ని మా టెంప్లేట్‌లోంచి తీసేయించాను. ఇప్పుడు సరుకు ఫెయిలైతే, కారణం తెలియనప్పుడు, రిమార్క్స్ గడిలో "కారణం తెలియదు" అని రాస్తాను. రాసిన ప్రతిసారీ తలొంచుకుని ఇంటికొచ్చే మా నాన్న గుర్తొస్తాడు. ఆ షాపాయన ఒక్కసారైనా ఆ మాట అనుంటే ఆయన తలెత్తుకుని వచ్చేవాడు.